లావా మెట్ట మీద మిగిలిన దోన

పాఠ్యపుస్తకంలో అగ్నిపర్వతం అనగానే జపాను బొమ్మ వేస్తారు. అనంతపురంలో పిల్లలకు సైన్సు చెప్పే నాకు అది చూసినప్పుడల్లా ఒళ్లు మండేది. మన జిల్లాలో లావా రాళ్లు లేవా? 2006లో, వానలు తగ్గాక ఒక ఆదివారం పొద్దున ఆరున్నర బస్సుకు ధర్మవరం పోయి, రామగిరి వైపు వెళ్లే జీపెక్కాను. మనిషికి పన్నెండు రూపాయలు. "రాళ్లు సూసేకి ఇంత దూరమొచ్చినావా అన్నా? మీకాడ రాళ్లు లేవా?" అని డ్రైవరు నవ్వాడు.

జీపు దిగి అరగంట నడిస్తే నల్లటి మెట్ట. దిండ్లు పేర్చినట్టు గుండ్రటి రాళ్లు. ఒకప్పుడు ఇక్కడ నీళ్ల అడుగున నేల చీలి లావా ఉబికింది. చల్లటి నీరు తగలగానే పైపొర గట్టిపడింది. లోపలి లావా దాన్ని చీల్చుకుని పక్కన మరో ముద్దగా వచ్చి, అదీ గట్టిపడింది. లోతున నిదానంగా చల్లారిన గ్రానైటులో ఖనిజాల పలుకులు కంటికి కనిపిస్తాయి. గబగబా చల్లారిన ఈ రాతిలో వెతికినా కనబడవు.

అక్కడ గొర్రెలు మేపుతున్న ఓబులమ్మ నన్ను చూస్తూనే, "సంచి ఇప్పప్పా, సుత్తి ఉండాదేమో సూడల్ల" అని గద్దించింది. లేదని చూపించాక మెత్తబడి, రాళ్ల మధ్య వాననీళ్లు నిలిచే దోనలు రెండు చూపించింది. ఒకటి ఎండిపోయి ఉంది.

"పోయినేడు కాలేజీవోళ్లు వచ్చి దీని అంచు కొట్టుకోని పోయిరి. ఇప్పుడు చుక్క నిలవదు. ఇంగ ఆ ఒగటే ఉండాది. అదీ పోతే నా గొర్రెలు యాడికి పోయి తాగల్ల?"

పదకొండింటికి వ్యాను వచ్చింది. ఒక లెక్చరరు, వెంట విద్యార్థులు, చేతుల్లో సుత్తులు. ఆయన నేరుగా నీళ్లున్న దోన దగ్గరికే వచ్చి, "ఈ అంచులో పైపొర, లోపలి రాయి రెండూ బాగా కనబడుతున్నాయి, ఇక్కడే కొట్టండి" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "కింద రాలిన ముక్కలు బోలెడున్నాయి, అవి ఏరుకోండి సార్!" అని అరిచాను.

"అవి ఎండకూ వానకూ పాడైనవండీ. అయినా రాయే కదా!"

ఓబులమ్మ పోయి ఆ అంచు మీదే కూర్చుంది. "కొట్టప్పా" అంది.

ఆయన గొణుక్కుంటూ పిల్లల్ని మెట్ట అవతలికి తీసుకెళ్లాడు. కాసేపటికి అక్కణ్ణుంచి సుత్తుల చప్పుడు మొదలైంది.

రాయి ఎలా పుట్టిందో బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పగలిగినవాళ్లకు, దాని మీద నీళ్లెవరు తాగుతున్నారో కనబడకపోతే ఆ చదువెందుకు? మీరూ వెళ్లాలనుకుంటే సుత్తి ఇంట్లో పెట్టి వెళ్లండి. ముక్క కావాలంటే మెట్ట కింద రాలినవి ఏరుకోండి. మూడింటి జీపు కోసం నేను దిగి వచ్చేటప్పటికి కూడా ఓబులమ్మ అంచు మీద నుంచి లేవలేదు. గొర్రెలే ఆమె చుట్టూ చేరి తాగుతున్నాయి.