అమ్మ బిగించిన బోల్టు

మా అమ్మ బోల్టు బిగిస్తే ఊడదు. కొడుకుని కాబట్టి ఈ మాట అనడం లేదు. ఆమె పనిచేసే ఇంటర్నెట్ ఆఫీసులో ఫిర్యాదుల ఫోను ఎత్తేది నేనే కాబట్టి అంటున్నాను. డిగ్రీ రెండో ఏడాదిలో కాలేజీ మానేసి ఊరికే తిరుగుతుంటే అమ్మే నన్ను తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. ఏడాదిన్నరగా పాతబస్తీలో సగం మంది తిట్లు విన్నాను. డిష్ నిలబెట్టిన ఇనప కంబం వంగిందనీ, డిష్ పక్కకు తిరిగిందనీ వచ్చిన ఫిర్యాదుల్లో ఒక్కటి కూడా అమ్మ చేతి పని కాదు. అలాంటిది పోయిన ఆషాఢంలో ఆమె బోల్టు మీదే నింద పడింది.

అమ్మ పేరు కృష్ణమ్మ. నలభై ఎనిమిదేళ్లు. మేం ఉండేది సైదాబాద్‌లో. నాలుగో తరగతితో ఆమె చదువు ఆగిపోయింది. పెళ్లయిన కొత్తలో బాపుతో కలిసి టెలిఫోన్ కేబుళ్ల కోసం రోడ్లు తవ్వింది. తర్వాత కేబుల్ టీవీ వాళ్ల దగ్గర వైర్లు లాగింది. పన్నెండేళ్ల కింద కార్వాన్‌లో గుండయ్య సేఠ్ దగ్గర చేరింది. సేఠ్‌ది పప్పుల హోల్‌సేల్ కుటుంబం. నాలుగంతస్తుల ఇంటి మీద ఒక టవర్ నిలబెట్టి, గాల్లో ఇంటర్నెట్ పంపే వ్యాపారం మొదలుపెట్టాడు. పాతబస్తీలో చాలా గల్లీలు తవ్వనివ్వరు, తవ్వినా కేబుల్ నెల తిరక్కముందే తెగుతుంది. అందుకని గల్లీకి ఒక మేడ చూసి, దాని మీద కార్వాన్ టవర్ వైపు డిష్ పెడతారు. అక్కడినుంచి ఇళ్లకు వైరు లాగుతారు.

ఈ పనికి ఆడమనిషి ఎందుకంటే, మేడ ఎక్కితే పక్కింటి వాకిలి కనిపిస్తుంది. మగవాడు ఎక్కేముందు పర్దా అని కేక వేయాలి. అది వినగానే చుట్టుపక్కల ఇళ్లలో ఆడవాళ్లు లోపలికి తప్పుకుంటారు. ఆ కేక లేకుండా ఎక్కితే లొల్లే. సేఠ్‌కు ఆ లొల్లి వద్దు. ఇళ్లలోకి వెళ్లి మాట్లాడే మనిషి, కేక వేసే మనిషి కావాలి. దానికోసం అమ్మను హెల్పర్‌గా పెట్టుకున్నాడు.

హెల్పర్‌గా చేరిన మనిషి మూడేళ్లలో డిష్ తిప్పడం నేర్చింది. చింతచెట్టు ఆకు తొడిగితే సిగ్నల్ ఎంత తగ్గుతుందో, పక్క కంపెనీ వాడు మన చానెల్‌లోనే తన రేడియో పెడితే ఎలా తెలుస్తుందో, మూసీకి దిగే ఏ వాలు మీద ఎంత ఎత్తు కంబం కావాలో ఆమెకు నోటికొచ్చు. నూటనలభైకి పైగా డిష్‌లు పెట్టింది. ప్రతి పనికీ ఒక కాగితం ఉంటుంది. అందులో రెండు గడులు: ఇంజినీరు, హెల్పర్. ఇంజినీరు గడిలో సంతకాలు మారుతూ వచ్చాయి. హెల్పర్ గడిలో అమ్మ పేరు మారలేదు.

హుస్సేనీ ఆలంలో రిటైరైన ఆర్టీసీ కండక్టర్ బాలనర్సింహ మేడ మీద పోయిన మే నెలాఖరులో ఒక డిష్ పెట్టారు. ఇంజినీరు ప్రణీత్, హెల్పర్ కృష్ణమ్మ. ఇరవైమూడు ఇళ్లకు అదే ఆధారం. మూడు వారాలు స్పీడ్ యాభై ఎంబీకి తగ్గకుండా వచ్చింది. ఆ తర్వాత ఆషాఢం గాలి మొదలవగానే స్పీడ్ పిచ్చిదయింది. గాలి ఆగితే యాభై, గాలి వీస్తే ఎనిమిది. ఒకాయన రోజూ పదకొండింటికి ఫోన్ చేసి, "భాయ్, ఇది ఇంటర్నెట్టా, పతంగా?" అని అడిగేవాడు. నేను ఫిర్యాదు రాసి ప్రణీత్‌కు పంపేవాణ్ణి.

ప్రణీత్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. లాప్‌టాప్‌లో మ్యాప్ తెరిచి సేఠ్‌కు చూపించాడు. కార్వాన్ గట్టు నుంచి మూసీ మీదుగా ఆ మేడ దాకా గీత గీశాడు. మధ్యలో అడ్డం లేదు. "గాలి వస్తేనే పడుతున్నదంటే కంబం ఊగుతున్నట్టు సార్. క్లాంప్ బోల్టులు సరిగ్గా బిగించలేదు."

బోల్టులు బిగించింది ఎవరో గదిలో అందరికీ తెలుసు. సేఠ్ అమ్మ వైపు తిరిగాడు.

"శుక్రవారం లోపు చూడుండ్రి. బోల్టు లూజని తేలితే, కృష్ణమ్మా, ఇగ నువ్వు మేడలు ఎక్కుడు బంద్. గోదాములో వైర్లు చుట్టుకుంట కూసో. వయసు కూడా అయితున్నది గద."

"వయసు నాకైతది సేఠ్, బోల్టుకు కాదు," అంది అమ్మ.

ఆ రోజు ఇంటికొచ్చి అన్నం సగంలో వదిలేసింది. పన్నెండేళ్ల పని ఒక బోల్టు మీద ఆగింది. నేను ఏదో అనబోతే, "నీ ఫోనుల తిట్లు నువ్వు చూసుకో, నా పని నేను చూస్త," అంది.

మర్నాడు పొద్దున అమ్మా, ప్రణీతూ, నేనూ హుస్సేనీ ఆలం మేడకు వెళ్లాం. కస్టమర్లకు నా గొంతు తెలుసు కాబట్టి నన్నూ రమ్మన్నారు, కోపమొస్తే వాళ్లు కొట్టడానికి ఒక మనిషి ఎదురుగా ఉండాలి కదా. మెట్ల దగ్గర అమ్మ ఆగి, తల పైకెత్తి గట్టిగా కేక వేసింది. "పర్దా కర్లేవ్ అమ్మా, మగోళ్లు ఎక్కుతుండ్రు." ఒక నిమిషం ఆగి మమ్మల్ని ఎక్కమంది.

అమ్మకొక అలవాటుంది. బోల్టు బిగించాక, బోల్టు తల మీంచి, కంబాన్ని పట్టి ఉంచే క్లాంప్ మీదికి ఎర్ర గోళ్ల రంగుతో ఒక గీత గీస్తుంది. బోల్టు వెంట్రుకవాసి తిరిగినా గీత రెండు ముక్కలై పక్కకు జరుగుతుంది. కొనేది పదిహేను రూపాయల సీసా. తన గోళ్లకు ఎప్పుడూ వేసుకోలేదు.

"చూడు సారూ," అంది ప్రణీత్‌తో.

నాలుగు బోల్టులు, నాలుగు గీతలు. ఒక్కటీ చెదరలేదు. ప్రణీత్ వంగి వేలితో తడిమి చూశాడు.

"మరి కంబమే ఊగుతుందేమో ఆంటీ."

"పట్టుకో. రెండు చేతులతోని పట్టుకో."

పట్టుకున్నాడు. లాప్‌టాప్ నా చేతికిచ్చి అమ్మ స్పీడ్ అంకె చదవమంది. యాభై రెండు అన్నాను. గాలి వచ్చింది. తొమ్మిది అన్నాను. "ఊగిందా?" అని అడిగింది. ప్రణీత్ తల అడ్డంగా ఊపాడు. కంబాన్ని వదల్లేదు మాత్రం.

అమ్మ ఇక డిష్ వైపు చూడలేదు. పిట్టగోడ పక్కన కూర్చుని వింటోంది. నేను అంకెలు చదువుతున్నాను. నలభై తొమ్మిది, యాభై ఒకటి. ఎక్కడో టపటపమని చప్పుడైంది. పదకొండు. చప్పుడాగింది. నలభై ఎనిమిది. మళ్లీ టపటప. ఏడు.

"గదిగో," అని చెయ్యి చూపింది.

పక్కింటి పిట్టగోడ మీద కొత్త తగరపు రేకు నిలబెట్టి ఉంది. మనకూ కార్వాన్‌కూ మధ్య, పది పన్నెండు అడుగుల దూరంలో. ఒక చివర మాత్రమే గట్టిగా కట్టారు, రెండో చివర గాలికి కొట్టుకుంటోంది.

"మనం డిష్ పెట్టినప్పుడు ఈ రేకు లేదు," అంది అమ్మ.

ప్రణీత్ ఒప్పుకోలేదు. "అది కిందున్నది ఆంటీ. దాని మీదినుంచి టవర్ సాఫ్ కనబడుతున్నది గద."

"కంటికి సందు చాలు సారూ, సిగ్నల్‌కు చాలదు. అది దారం లెక్క పోదు, ఢోలక్ లెక్క పోతది. రెండు కొసలల్ల సన్నగ, నడుమ మూసీ మీద ఇంత లావు. గా రేకు ఢోలక్ కింది అంచుకు తాకుతున్నది. ఊగినప్పుడల్ల సగం కోస్తది, మిగిలినదాన్ని పక్కకు కొడ్తది."

ప్రణీత్‌కు ఈ సంగతి చదువులో వచ్చిందే. అది మొహంలో కనిపించింది. పరీక్షలో రాసి మర్చిపోయిన జవాబు ఎదురుగా టపటపలాడుతోంది. మ్యాప్‌లో కొండలుంటాయి, నదులుంటాయి, పక్కింటివాళ్లు పోయిన నెల కట్టుకున్న రేకు ఉండదు.

ఆ ఇల్లు మెహరున్నీసా బేగంది. భర్త లేడు, కొడుకు, కోడలితో ఉంటుంది. అమ్మ ఒక్కతే లోపలికి వెళ్లింది. నేనూ ప్రణీతూ గుమ్మానికి వేసిన తెర బయట నిలబడ్డాం. మాటలన్నీ వినిపించాయి.

"రేకు ఎప్పుడు పెట్టించిండ్రు ఆపా?"

"ఎందుకు పెట్టించిన్నో అడుగు," అంది బేగం. "ఎండకాలంల మీ లడకా ఒకడు ఆ మేడ ఎక్కిండు. నా బహూ తల ఆరబెట్టుకుంటున్నది. ఆవాజ్ లేదు, పిలుపు లేదు. ఆమె మూడు రోజులు వాకిట్లకు రాలే. తెల్లారే రేకు కట్టుమని చెప్పిన. వెల్డింగ్ వాడు ఇరవై రోజులకు మొహం చూపిండు, అది కూడా సగం కట్టి పోయిండు."

ప్రణీత్ చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. అయిపోయింది, ఇక తప్పు వీడిదని తేలిందని నాకు సంతోషంగా ఉంది. అమ్మ ఆ ఒక్క మాట అంటే చాలు.

"ఆ పిల్లగానిది తప్పు కాదు ఆపా," అంది అమ్మ. "పర్దా అని పిలిచేది నా పని. ఆ రోజు ముందుగాల నేనే ఎక్కిన. నేను ఆడిదాన్ని, నాకు నేను పిలుచుకునే అలవాటు లేదు. నా ఎనక మగోడు వస్తున్నడని యాది మరిచిన. తప్పు నాదే."

తెర ఇవతల నాకు ఒళ్లు మండింది. ఎవరూ అడగలేదు. బోల్టు గెలిచింది, నోరు మూసుకుని వచ్చేస్తే సరిపోయేది. కానీ మా అమ్మ గీసిన గీత ఎప్పుడూ ఒక ముక్కగానే ఉండాలి, అది బోల్టు మీదైనా ఇంకెక్కడైనా.

లోపలినుంచి బేగం గొంతు వినిపించింది, "రేకు మాత్రం తియ్య."

"తియ్యొద్దు. ఇంకో కొస కూడా నేనే కట్టిస్త. నాకు మీ మేడ మీద, రేకుకు అవతల, కంబానికి జాగ కావాలె. ఆడినుంచి ఇళ్లన్ని మూసీ దిక్కు కిందికి దిగుతయి, అవతల కార్వాన్ గట్టు లేస్తది. నడుమ ఏం అడ్డం రాదు."

"నా ఛత్ మీదికి మళ్ల మగోళ్లు?"

"మీరెట్ల అంటే అట్ల."

"నువ్వు ఒక్కదానివి ఎక్కాలె. ఇయ్యాల, రేపు, ఎప్పుడైనా. నువ్వు తప్ప ఇంకెవరు ఎక్కినా కంబం పీకి గల్లీల పారేస్త."

"ఇంజినీరు సారు..."

"ఇంజినీరు గింజినీరు నాకు తెల్వదు. చాయ్ తాగు ముందు."

మధ్యాహ్నానికల్లా కంబం మారింది. అమ్మ పైన ఒక్కతే. ప్రణీత్ గల్లీలో స్కూటర్ సీటు మీద లాప్‌టాప్ పెట్టుకుని అంకెలు అరుస్తున్నాడు. అమ్మ డిష్‌ను గోరంత తిప్పుతుంది, అతను అంకె అరుస్తాడు. యాభై నాలుగు దగ్గర ఆపమన్నాడు. "ఇంకొంచెం ఉన్నది," అని పైనుంచి జవాబొచ్చింది. యాభై ఏడు దగ్గర ఆపింది. గాలి గట్టిగా వీచింది. యాభై ఏడు కదల్లేదు. బేగం కోడలు గ్లాసుతో నీళ్లు పట్టుకుని పైకి వెళ్లి, చాలాసేపు అక్కడే నిలబడి చూసింది.

సాయంత్రం ఆఫీసులో అమ్మ సేఠ్‌కు అంతా చెప్పింది. బోల్టు సంగతీ, రేకు సంగతీ, తాను కేక వేయడం మరిచిన సంగతీ, బేగం పెట్టిన షరతు సంగతీ. సేఠ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"అంటే బోల్టుది తప్పు కాదు, నీదే తప్పు. గోదాములకే పంపాలె గద మరి."

"పంపుండ్రి సేఠ్. రేపు ఆ కంబం మీద కోతి కూసొని డిష్ తిప్పుతే ఎవలు ఎక్కుతరో అది కూడ రాసి పెట్టుండ్రి. బేగంకు చెప్పొస్త."

సేఠ్ ప్రణీత్ వైపు చూశాడు. ప్రణీత్ నా వైపు చూశాడు. నేను ఫోన్ వైపు చూశాను. మధ్యాహ్నం నుంచి హుస్సేనీ ఆలం వాళ్ల కాల్ ఒక్కటీ రాలేదు.

సేఠ్ పని కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. ఇంజినీరు గడి మీద పెన్ను ఆనించి, కాసేపు ఆగి, కాగితాన్ని అమ్మ వైపు తిప్పాడు. "ఎక్కేటోళ్లే సంతకం పెట్టాలె. ఇంకేం చేస్తం."

అమ్మ తెలుగులో, ఒక్కో అక్షరం దిద్దినట్టు రాసింది. కృష్ణమ్మ. ఆ గడి ఇంగ్లీషు సంతకాలకు అలవాటు పడింది, అమ్మ పేరు పక్క గడిలోకి కొంచెం ఒరిగింది.

"హెల్పర్ ఎవలని రాయాలె?" అన్నాడు సేఠ్.

"నా పేరు రాయండి సార్," అన్నాడు ప్రణీత్. "కింద నిలబడి అరిచింది నేనే గద."

నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు. సంచీలోంచి గోళ్ల రంగు సీసా తీసి అతని ముందు పెట్టింది.

"అయిపోవచ్చింది సారూ. రేపు వచ్చేటప్పుడు కొత్తది పట్కరా. ఎరుపే తేవాలె."