గేలాంగ్ సెరాయ్‌లో ఎర్ర ఫ్లాస్కు పెట్టిన స్టూలు

ఇందుమూలంగా యావన్మంది తెలుగువారికి తెలియజేయడమేమనగా, గత ఆదివారం ఉదయం తువాస్ లింక్ స్టేషన్ మెట్ల మీద నా కుడికాలి చెప్పు తుదిశ్వాస విడిచింది. వయసు రెండేళ్ళు. పుట్టింది లిటిల్ ఇండియాలో, పెరిగింది నా కాలికింద. సంతాప సభ పెట్టే తీరిక లేక, సంచిలో ఉన్న కేబుల్ టైతో బిగించి, అదే చెప్పుతో సింగపూర్ పడమటి చివర నుంచి తూర్పు వైపు దాకా వెళ్ళి వచ్చాను. మీలో ఎవరైనా గేలాంగ్ సెరాయ్ చూడాలనుకుంటే ఈ రాత పనికొస్తుంది. అక్కడ తిండి బాగుంటుందని అందరూ చెబుతారు. నేనూ తిండికోసమే బయల్దేరాను.

నేను తువాస్‌లో ఒక షిప్‌యార్డులో రిగ్గర్ని. క్రేన్ కొక్కేనికి బరువులు కట్టి పైకి పంపడం నా పని. మాది శ్రీకాకుళం వైపు. చదువు ఏడో తరగతితో సరి, కాబట్టి చరిత్ర పాఠం చెబుతానని భయపడకండి. నన్ను పిలిచింది సత్యం అంకుల్. ఆయన మా యార్డు స్టోర్‌లో చేసి రిటైరయ్యారు. వాళ్ళ నాన్న విశాఖపట్నంలో ఓడెక్కి వచ్చారు, అంకుల్ మాత్రం ఇక్కడే పుట్టారు. ఆయన తెలుగులో అరవం, మలయ్ కలుస్తుంటాయి. స్టోర్‌లో ఉన్న రోజుల్లో ఆయన గొడుగు దాచడం, టిఫిన్ డబ్బాలో బోల్టులు పెట్టడం నాకు డ్యూటీలో భాగం. ఆయన తిట్టేవారు, మర్నాడు మళ్ళీ నాకు టీ తెచ్చేవారు. శనివారం ఫోన్ చేసి, "తంబీ, రేపు గేలాంగ్ సెరాయ్ వస్తావా? మీ రెబుస్ నేను ఇప్పిస్తా. ఒక్కణ్ణే పోలేను" అన్నారు. మీ రెబుస్ అంటే అక్కడి నూడుల్స్, ఆ 'మీ'కి మనతో సంబంధం లేదు. ఒక్కణ్ణే పోలేననడం మోకాలి నొప్పి వల్ల కాబోలనుకున్నాను.

తువాస్ లింక్ నుంచి పయా లెబార్‌కి పచ్చ లైన్ మెట్రోలో ఎక్కడా మారక్కర్లేదు. గంట దాటి కొంచెం పడుతుంది, కార్డు మీద రెండున్నర డాలర్లకు అటూ ఇటుగా పోతుంది. మొదటి స్టేషన్ కాబట్టి మా వైపు వాళ్ళకి సీటు ఖాయం. జురాంగ్ ఈస్ట్‌లో ఎక్కేవాళ్ళు మన మొహాలు చూస్తూ నిలబడతారు. తంజోంగ్ పగార్ దాటేదాకా నిద్రపోయి లేచాను. పయా లెబార్ గేటు దగ్గర అంకుల్ తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని, తలకి నూనె రాసుకుని నిలబడి ఉన్నారు.

"అంకులూ, ఏటీ ముస్తాబు? పెళ్ళిచూపులకి గానీ ఎల్తన్నామేటి?"

"నోరు మూసి నడువు తంబీ" అన్నారు గానీ, ఆయనే నడవలేదు. స్టేషన్ బయటికి వచ్చి గుడ్డలు ఆరేసిన ఫ్లాట్ల వైపు చూస్తూ ఆగిపోయారు. "ఈ పక్కకి వచ్చి అరవై ఏళ్ళు అయిపోయింది."

ఆయన ఉండేది ఉడ్‌లాండ్స్‌లో. అక్కడి నుంచి ఇక్కడికి గంట ప్రయాణం. గంట దూరానికి అరవై ఏళ్ళు ఎందుకు పట్టిందో, మార్కెట్‌కి నడిచే దారిలో ఆయనే చెప్పారు. స్టేషన్ నుంచి పది నిమిషాల నడక అంటారు, ఆయన మోకాలితో మాకు అంతకు రెట్టింపు పట్టింది. అందువల్లే పూర్తిగా వినగలిగాను.

అప్పట్లో ఇదంతా ఆకుల కప్పు ఇళ్ళున్న కంపోంగ్, అంటే పల్లె. అంకుల్ వాళ్ళ పక్కిల్లు మలయ్ కుటుంబం. ఆ ఇంటి కొడుకు రహ్మత్, అంకుల్, రోడ్డు అవతలి వీధి నుంచి వచ్చే చైనా కుర్రాడు ఆసెంగ్, ముగ్గురిదీ ఒకే వయసు, ఒకే బంతి. 1964 జూలైలో ప్రవక్త పుట్టినరోజు ఊరేగింపు గేలాంగ్ వైపు వస్తుంటే చూడ్డానికి ముగ్గురూ రోడ్డు పక్కకి వెళ్ళారు. అక్కడే మలయ్‌వాళ్ళకీ చైనావాళ్ళకీ గొడవ రేగింది. ఎవరు మొదలుపెట్టారని అడిగాను.

"నాకెట్టా తెలుస్తుంది? నేను చిన్నవాణ్ణి. సీసాలు పగలడం విన్నాను, జనం పరిగెత్తడం చూశాను. రహ్మత్ వాళ్ళ అమ్మ వచ్చి ఆసెంగ్‌ని చెయ్యి పట్టుకుని మా ఇంట్లోకి తోసింది. ఇండియావాళ్ళ ఇంటి మీదకి అటువాళ్ళూ రారు, ఇటువాళ్ళూ రారు అని. బియ్యం డ్రమ్ము వెనక కూర్చోబెట్టాం. పొద్దు వాలే ముందు ఆమె ఏం చేసిందో తెలుసా? వాడికి రహ్మత్ సారోంగ్ కట్టి, రహ్మత్ టోపీ పెట్టి, తన కొడుకులాగా చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయింది."

ఆ టోపీని సోంగ్కోక్ అంటారు. మలయ్ మగవాళ్ళు పెట్టుకునే నల్ల వెల్వెట్ టోపీ. సారోంగ్ మన లుంగీ లాంటిదే.

"తర్వాత?"

"కర్ఫ్యూ పడింది. ఆమె ఒక్కతే తిరిగొచ్చింది. కాలవ మలుపు దాకా తీసుకెళ్ళాను, అక్కడి నుంచి చైనావాళ్ళ ఇళ్ళు, నేను పోలేకపోయాను, పరుగెత్తమన్నాను అంది. అంతే తంబీ. ఆసెంగ్ వాళ్ళ ఇల్లు ఖాళీ అయిపోయింది. తర్వాత మేమూ మారిపోయాం, కంపోంగ్ కొట్టేశారు. మా నాన్న ఇంక ఈ మాట ఎత్తవద్దన్నాడు. నేను ఎత్తలేదు. నా పిల్లలకీ చెప్పలేదు. ఇస్కూల్ పుస్తకంలో అల్లర్లు అయ్యాయి అని ఉంటుంది. ఎవరి గుమ్మం ముందు అయ్యాయో ఉండదు."

రహ్మత్ కొన్నేళ్ళ కిందట పోయాడు. వాళ్ళ అమ్మ అంతకుముందే పోయింది. బతికినన్నాళ్ళూ ప్రతి పండక్కీ ఒకటే మాట అనేదట: మలుపు తర్వాత ఆ పిల్లాడికి ఏమైంది?

ఇప్పుడు రహ్మత్ చెల్లెలు మినా ఈ మార్కెట్ మేడమీద మీ రెబుస్ స్టాల్ నడుపుతోంది. పోయిన నెల ఒక చైనా ముసలాయన వచ్చి, ఇక్కడ ఒక తెలుగు ఇల్లు ఉండేది, తెలుసా అని అడిగాడట. ఆసెంగే. ఆమె ఆదివారం పదకొండుకి రమ్మంది. అంకుల్ కూతురు అక్కడే చేపలు కొంటుంది, పాత పక్కింటివాళ్ళ అమ్మాయని మినాకి తెలుసు కాబట్టి కబురు ఉడ్‌లాండ్స్‌కీ చేరింది. అంకుల్ ఇస్త్రీ చొక్కా వెనక కథ అది. పక్కన మనిషి లేకుండా రాలేకపోయారు.

మార్కెట్ కింద కూరగాయలు, చేపలు, గుడ్డలు. మేడమీద తిండి. ఆదివారం పదిన్నరకే స్టూళ్ళన్నీ నిండిపోతాయి. మినా పొట్టిగా, గళ్ళ ఆప్రాన్‌తో, గరిట చేతిలో ఉంచుకునే మాట్లాడే మనిషి. అంకుల్‌ని చూసి గరిట కింద పెట్టింది. ఇద్దరూ మలయ్‌లో ఏదో అనుకున్నారు, నాకు సగమే అర్థమైంది. తర్వాత ఆమె నన్ను చూసి, "ఇతను నీ కొడుకా?" అంది.

"కాదు, నా తలనొప్పి" అన్నారు అంకుల్.

మీ రెబుస్ అంటే చిలగడదుంప గుజ్జుతో చిక్కగా చేసిన పులుసులో పసుపు నూడుల్స్. నాలుగు డాలర్ల చుట్టూ ఉంటుంది. పైన పచ్చిమిర్చి, గుడ్డు, నిమ్మబద్ద. మొదటి రెండు స్పూన్లూ తియ్యగా ఉందేమిటి అనుకుంటారు, మూడో స్పూనుకి గిన్నె వంచుతారు. మినా చూపించిన బల్ల దగ్గర అంకుల్‌ని కూర్చోబెట్టి, వరసలో నిలబడి రెండు గిన్నెలతో తిరిగొచ్చేసరికి అంకుల్ బాత్రూమ్‌కి వెళ్ళారు. ఎదుటి స్టూలు మీద ఒక ఎర్ర ఫ్లాస్కు ఉంది.

సింగపూర్‌లో సీటు ఆపుకోవడానికి టిష్యూ ప్యాకెట్టో గొడుగో పెట్టి పోతారు. దాన్ని చోప్ అంటారు. దాన్ని ఎవరూ ముట్టుకోరు, దేశమంతా ఆ మర్యాద మీదే భోంచేస్తుంది. అంకుల్ ఫ్లాస్కుతో చోప్ చేశారు కాబోలు అనుకున్నాను. పదకొండు కావడానికి ఇంకా టైముంది. పాత అలవాటు. ఫ్లాస్కు తీసి నా కాళ్ళ మధ్య బల్ల కింద పెట్టేసి, ఆయన వచ్చి వెతుక్కుంటే చూద్దామని కూర్చున్నాను.

వచ్చింది ఆయన కాదు. చేతిలో ప్లాస్టిక్ కవరుతో ఒక పెద్దాయన బల్లబల్లకీ తొంగిచూస్తూ వచ్చి, మా దగ్గర ఆగి, ఖాళీ స్టూళ్ళు చూసి, "గాట్ పీపుల్?" అన్నారు. ఎవరైనా ఉన్నారా అని.

"గాట్, గాట్. మై వైఫ్ కమింగ్ లా" అన్నాను. మా ఆవిడ టెక్కలిలో ఉంది.

ఆయన తల ఊపి, ఇంకోసారి బల్లలన్నీ కలియజూసి, మెట్ల వైపు వెళ్ళిపోయారు. చేతికర్ర పట్టుకుని వణుకుతూ వస్తాడని నేను ఊహించుకున్న ఆసెంగ్ వేరు. ఈయన నిటారుగా నడిచారు, ముందే వచ్చారు. నాకు తట్టలేదు.

అంకుల్ వచ్చి చూసి, "ఫ్లాస్కు ఏది తంబీ?" అన్నారు.

నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను. "ఏ ఫ్లాస్కు అంకులూ?"

"మినా పెట్టింది. వాడి మొహం నాకు గుర్తులేదు, నా మొహం వాడికి గుర్తుండదు. ఎర్ర ఫ్లాస్కు ఉన్న బల్ల దగ్గరికి రమ్మని చెప్పింది." అని స్టూలు వైపు చూశారు, నా వైపు చూశారు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మెల్లగా కూర్చుని, "వచ్చి పోయాడా?" అన్నారు.

ఫ్లాస్కు చంకలో పెట్టుకుని పరిగెత్తాను. మెట్ల మధ్యలో కేబుల్ టై తెగింది. ఒంటి చెప్పుతో రోడ్డు మీదికి వచ్చేసరికి బస్సు కదులుతోంది, కిటికీ పక్కన ఆయన. బస్సు ముందుకు దూకి, ఫ్లాస్కు రెండు చేతులా పైకెత్తి నిలబడ్డాను. డ్రైవర్ తలుపు తీసి, "యూ వాంట్ డై, గో అదర్ బస్ లా" అన్నాడు. అతని వెనక నుంచి పెద్దాయన ఫ్లాస్కుని చూసి లేచి నిలబడ్డారు.

పైకి తీసుకొచ్చాక వాళ్ళిద్దరూ కౌగిలించుకుంటారని ఎదురుచూశాను. కౌగిలించుకోలేదు. ఎదురెదురుగా కూర్చుని, పాత బజారు మలయ్‌లో, ముందు మోకాళ్ళ గురించి, తర్వాత మనవల గురించి మాట్లాడుకున్నారు. అంకుల్ గిన్నెలో నూడుల్స్ గట్టిపడిపోయాయి. ఆఖరికి అడిగారు. మలుపు తర్వాత ఏమైందని.

ఆసెంగ్ అంకుల్ చెప్పింది సత్యం అంకుల్ నాకు తెలుగులో చెప్పారు. మలుపు తిరగగానే కర్రలతో మనుషులు. వాళ్ళు తన వీధివాళ్ళే, కానీ వాళ్ళకి కనిపించింది టోపీ. మీదికి వచ్చారు. టోపీ లాగి కాలవలో పారేసి, తమ భాషలో అరిచాడు. గొంతు గుర్తుపట్టి వదిలేశారు. ఇంటికి చేరాక వాళ్ళ నాన్న సారోంగ్‌ని పొయ్యిలో పెట్టి, ఎవరి దగ్గరా ఈ మాట ఎత్తవద్దన్నాడు.

"మా నాన్న చెప్పిన మాటే" అన్నారు సత్యం అంకుల్.

"ఎన్నోసార్లు రావాలనుకున్నాను. ఆ టోపీ లేకుండా ఏ మొహంతో రాను? మీ అమ్మ పెట్టిన టోపీ నా చేత్తో పారేశాను" అన్నారట ఆయన, మినా వైపు తిరిగి. ఆ అల్లర్లకి గుర్తుగా ఇక్కడి స్కూళ్ళలో జూలైలో ఒక రోజు పిల్లలు ఒకళ్ళ జాతి బట్టలు ఇంకొకళ్ళు వేసుకుని వెళతారు. ఈసారి ఆయన మనవడికి సోంగ్కోక్ కావాల్సొచ్చింది. కొనడానికి ఈ మార్కెట్‌కి వచ్చారు. అద్దం ముందు పిల్లాడు టోపీ పెట్టుకుని నవ్వుతుంటే, అక్కడే కూలబడ్డారట. పిల్లాడికి ఒకటి కొని, ఇంకొకటి కూడా కొన్నారు.

ప్లాస్టిక్ కవరులో ఉన్నది అదే. మినా తీసుకుని, ఆప్రాన్‌కి చేతులు తుడుచుకుని, దాని వెల్వెట్‌ని ఒకసారి వేళ్ళతో సవరించింది. తర్వాత నాలుగో స్టూలు మీద పెట్టింది. అది రహ్మత్‌ది అంది. కాసేపటికి ట్రే పట్టుకుని ఒక ఆవిడ వచ్చి, ఆ స్టూలు చూపిస్తూ, "గాట్ పీపుల్?" అని అడిగింది.

"గాట్" అన్నారు సత్యం అంకుల్.

మధ్యాహ్నం నలుగురం ఆ మలుపు చూడ్డానికి వెళ్ళాం. కాలవ సిమెంటుతో కప్పేశారు, పైన కార్లు ఆగి ఉన్నాయి. ఏ బోర్డూ లేదు. ఇద్దరు ముసలాళ్ళు ఇక్కడంటే కాదు అక్కడంటూ చాలాసేపు వాదించుకున్నారు. ఈ ఊళ్ళో పదేళ్ళకు పైగా ఉంటున్నాను, ఇంత శుభ్రంగా ఉండే ఊరికి మరకలు ఉండవనుకున్నాను. దాచింది చెడ్డవాళ్ళు కాదు. పిల్లలు మళ్ళీ కొట్టుకోకూడదని భయపడిన నాన్నలు. కానీ ఆ మౌనం కింద ఒక తల్లి చేసిన పని కూడా పూడిపోయింది. కొడుకు టోపీ తీసి పరాయి పిల్లాడికి పెట్టిన ఆవిడ గురించి ఆ పిల్లలకి తెలిస్తే, వాళ్ళు నేర్చుకునేది కొట్టుకోవడం కాదు కదా. ఆ సాయంత్రం సత్యం అంకుల్ కూతురికి ఫోన్ చేసి మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టారు, నేను పక్కనే ఉన్నాను.

వెళ్ళేవాళ్ళకి ఒకటే సలహా. పదిన్నర లోపు చేరండి, స్టూలు దొరుకుతుంది. దొరక్కపోతే, స్టూలు మీద ఏం ఉన్నా సరే, టిష్యూ ప్యాకెట్టే అయినా, ముట్టుకోకండి.

ఇక నేను కల్పించినవి. బస్సు ముందు దూకలేదు. అసలు పరిగెత్తలేదు. మినా మేడ అంచుకి వెళ్ళి, గరిట ఊపుతూ, ఆసెంగ్‌ని చిన్నప్పుడు పిలిచే పేరుతో కేకేసింది, ఆయన మెట్ల కింద నుంచే తిరిగొచ్చారు. ఆ సేపంతా నేను ఫ్లాస్కు వీపు వెనక దాచుకుని నిలబడ్డాను. డ్రైవర్ మాట నాదే. పేర్లు మార్చాను. చెప్పు తెగిన మాట నిజం. "మై వైఫ్ కమింగ్" అన్నదీ నిజమే, అది కల్పన అయితే బాగుండును. ట్రే పట్టుకుని ఏ ఆవిడా రాలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. అడిగి ఉంటే అంకుల్ ఆ మాటే అనేవారని రాశాను. టోపీ మాత్రం నిజం. మేం లేచేదాకా అది ఆ స్టూలు మీదే ఉంది, ఆదివారం పూట అంత రద్దీలో ఎవరూ దాని పక్కకి రాలేదు.