ఆకుపచ్చ దారం, మూడు కుట్లు

ఆ గురువారం అతను అన్న మాట కోపంతో అన్నదా, ప్రేమతో అన్నదా? నాలో నేనే రెండు పక్షాలా వాదించుకుని ఎన్నోసార్లు చూశాను. ఇప్పటికీ తేలలేదు.

లాండ్రీలో అతన్ని అందరూ చిటపట అనేవాళ్లు. కన్నవాళ్లు పెట్టిన పేరు అక్కడెవరికీ గుర్తులేదు. ఇరవై ఏడేళ్లవాడు, డిగ్రీ చదివాడు, ఏడు చోట్ల ఇంటర్వ్యూకి వెళ్లి ఏడు చోట్లా "కబురు చేస్తాం" అనిపించుకుని వచ్చాడు. ఆ కబురు వచ్చేలోగా కడుపు నిండాలి కనుక, ఊళ్లోవాళ్ల బట్టలకు గుర్తులు కుట్టే పనిలో చేరాడు. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది. ఆవిరి గొట్టం బుస్సుమంటే తనూ కస్సుమనేవాడు. సూదిలో దారం ఎక్కకపోతే సూదితో తగాదా, గొళ్లెం పడకపోతే తలుపుతో తగాదా.

గుర్తులంటే ఏమీ లేదు. చొక్కాకి కాలర్ లోపల, దుప్పటికి మూల మీద, ఇంటికో రంగు దారంతో రెండో మూడో కుట్లు. మూడు వందల ఇళ్ల బట్టలు ఒకే తొట్టిలో మునిగి తేలినా, చివరికి ఆ కుట్లు చూసి ఎవరి మూట వాళ్లకు కట్టేవారు. ఒకే గుర్తున్న బట్టలు ఒకే ఇంటివి. ఆ చుట్టుపక్కల వీధుల్లో దానికి తిరుగులేదు.

పనివాళ్ల బట్టలు మాత్రం ఆ తొట్టిలో పడకూడదు. "పడ్డ రోజే మీకు ఆఖరి రోజు," అని యజమాని నెలకోసారి గుర్తుచేసేవాడు. చిటపట ఉండేది లాండ్రీ మేడ మీద, యజమాని ఇచ్చిన ఒంటి గదిలో. అక్కడి కుళాయిలో తుప్పునీళ్లు. ఇంటర్వ్యూల కోసం దాచుకున్న ఒకే ఒక్క తెల్ల చొక్కా ఆ నీళ్లలో రెండుసార్లు తడిసేసరికి గోధుమరంగుకు తిరిగింది. రోజుకు నాలుగు వందల చొక్కాలు మల్లెపువ్వుల్లా చేసి పంపే చోట పనిచేస్తూ తను మాసిన చొక్కా తొడుక్కుని వెళ్లి చేతులు కట్టుకుని నిలబడాలా? ఒళ్లు మండింది. ఆకుపచ్చ దారంతో కాలర్‌లో మూడు కుట్లు వేసి, చొక్కాను తొట్టిలోకి విసిరాడు. మూట కట్టేది తనే కనుక, కట్టే ముందు తీసేసుకున్నాడు. నాలుగు నెలలు అలాగే గడిచాయి.

ఆకుపచ్చ దారం మూడు కుట్లు పోస్టాఫీసు అమ్మాయి వాళ్ల ఇంటి గుర్తు. ఆమె మంగళవారం బట్టలిచ్చి బుధవారం తీసుకునేది. ప్రతి బుధవారం బల్ల దగ్గర యుద్ధమే.

"పదకొండు," అనేది, ఎంచి.

"పదకొండే ఇచ్చాను."

"ఇంకోసారి చూస్తాను."

"చూడండి. పనిలో పనిగా గుండీలు కూడా ఎంచుకోండి."

"అవి ఎప్పుడో ఎంచాను. ఒకటి తక్కువుంది."

అతను పళ్లు నూరుకుంటూ రేకు డబ్బా బోర్లించి, జత కుదిరే గుండీ వెతికి, ఆమె ఎదుటే కుట్టి ఇచ్చేవాడు. నాలుగు రంధ్రాల్లో దారాన్ని అడ్డంగా కాక కత్తెర గుర్తులా వేసి, అడుగున రెండు ముళ్లు వేయడం అతని అలవాటు.

"ఊళ్లో అందరి గుండీలూ ఊడుతున్నాయిరా," అనేవాడు ఇస్త్రీ బాబాయ్. "నువ్వు కుట్టేది మాత్రం ఆ పిల్లవే."

"కుట్టకపోతే రేపొచ్చి నా ప్రాణం తీస్తుంది బాబాయ్."

"రేపెందుకొస్తుంది? మళ్లీ మంగళవారమే కదా. నీకు తెలియదూ?"

ఆ మాటకు చిటపట రోజంతా మొహం మాడ్చుకుని తిరిగేవాడు.

ఒక బుధవారం ఆమె రాలేదు. ఆమె వదిన వచ్చింది. చిటపట మూట కట్టబోతూ, అడగకూడదనుకుంటూనే అడిగాడు.

"ఎంచుకునే ఆవిడ రాలేదేం?"

"సర్దుకుంటోంది బాబూ. శనివారం ప్రయాణం. పైఅధికారి పనికి శిక్షణట, మూడు నెలలు. ఆ తర్వాత ఎక్కడ వేస్తారో ఏమో."

అరికాలి మంట నెత్తికెక్కింది. వెళ్లేదెవరో వెళ్తుంటే తనకెందుకు మండాలో అర్థంకాక ఇంకా మండింది. చేతికందిన ఆకుపచ్చ కుట్ల బట్టలన్నీ ఒక్క దెబ్బన పోగేసి, ముడి బిగించి, మూటను బల్ల మీద పడేశాడు. వదిన ఎంచే రకం కాదు. చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. సాయంత్రం చొక్కా కోసం వెతుక్కుంటే గానీ అతనికి తెలియలేదు, అది కూడా ఆ మూటలోనే వెళ్లిందని. శుక్రవారం ఎనిమిదో ఇంటర్వ్యూ.

గురువారం తలుపులు తీస్తూండగానే ఆమె అన్న దిగాడు. బస్సు నడిపే మనిషి, గొంతు కూడా హారన్ లాంటిదే. చేతిలో తెల్ల చొక్కా. వెనకాల చెల్లెలు, కళ్లు వాచి ఉన్నాయి.

"ఇది నా భుజాలకు పట్టదు. మా ఇంట్లో నేను కాక ఇంకో మగాడు లేడు. కాలర్‌లో మా గుర్తుంది. మా చెల్లెలు తనకేం తెలియదంటుంది. మరి చొక్కా తనంతట తనే నడిచొచ్చి మా అల్మారాలో కూర్చుందా?"

"అన్నయ్యా, పదిసార్లు చెప్పాను..."

"నువ్వు ఊరుకో. ఇది ఎవడిదో తేలేదాకా శిక్షణా లేదు, ప్రయాణమూ లేదు."

యజమానికి దుకాణం పరువు ముఖ్యం. "మా దగ్గర గుర్తు తప్పదండీ," అన్నాడు ఛాతీ విరిచి. "ముప్పై ఏళ్లలో ఒక్కసారి తప్పలేదు. ఆ గుర్తుంటే అది మీ ఇంటి చొక్కానే." ఆ మాటతో ఆ పిల్లను ఇంకా ఇరికిస్తున్నానని అతనికి తట్టనే లేదు. చిటపట వైపు తిరిగి, "గుర్తులేసేది నువ్వే కదయ్యా. ఇది ఎవరిచ్చారు?" అన్నాడు.

"తెలియదు," అన్నాడు చిటపట. నోరు తెరిస్తే పని పోతుంది, గది పోతుంది.

అన్నగారు అంతటితో వదల్లేదు. లాండ్రీ మగవాళ్లంతా చొక్కా తొడిగి చూపాలన్నాడు. ముందు ఇస్త్రీ బాబాయ్ వంతు. చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి. "నా పెళ్లినాడైతే పట్టేదేమో," అన్నాడు ఆయన, ఊపిరి బిగబట్టి.

చొక్కా విప్పి ఇచ్చినప్పుడు అందుకున్నది ఆమె. మడత సరిచేస్తూ పైగుండీ దగ్గర ఆగింది. కత్తెర గుర్తు కుట్టు, అడుగున రెండు ముళ్లు. ఆమె తలెత్తి చిటపటను చూసింది. తర్వాత ఆ గుండీ మీద బొటనవేలు పెట్టి, కనపడకుండా మూసింది.

"ఇక చాలు, ఇంటికి వెళ్దాం అన్నయ్యా," అంది. "నేను ఎక్కడికీ వెళ్లను. చొక్కా సంగతి వదిలెయ్."

ఆ బొటనవేలు చూశాక అతను ఆగలేకపోయాడు. తన్నితే పడతాడు, తిడితే తిరిగి తిడతాడు. ఇలా తనకోసం ఒకరు నోరు మూసుకోవడం అతను భరించలేడు.

"నాది," అన్నాడు. "గుర్తు కుట్టిందీ నేనే. ఆవిడకేం తెలియదు."

యజమాని నోరు తెరిచాడు. అన్నగారు చిటపట కాలర్ పట్టుకునేంత దగ్గరికి వచ్చాడు.

"మూడు వందల ఇళ్లుండగా మా ఇంటి గుర్తే ఎందుకు?"

ఆ ప్రశ్నకు జవాబు కోసం ఆమె కూడా తల ఎత్తింది. చిటపట ఆమె వైపు చూడలేదు. ఇన్ని దారాలుండగా ఆ రోజు తన చేయి ఆకుపచ్చ దారం మీదికే ఎందుకు వెళ్లిందో అతనికి తెలుసు. అది ఇప్పుడు చెప్తే శనివారం ఆమె బండి ఎక్కదు.

"మీ మూట చిన్నది. ఎవరూ విప్పి చూడరు. అంతే. మీ ఇల్లయితేనేం, ఇంకోళ్లదైతేనేం?"

"మా చెల్లెలితో నీకేమీ..."

"ఆవిడతోనా? గుండీకి గుండీ ఎంచే మనిషండీ. బుధవారం వస్తుందంటే మంగళవారమే నాకు తలనొప్పి మొదలవుతుంది."

అన్నగారు ఒక్క క్షణం ఆగి, పగలబడి నవ్వాడు. "అది మాత్రం నిజం. ఇంట్లో మా అందరికీ అదే తలనొప్పి." చెల్లెలి భుజం తట్టాడు. "పోవే, పోయి సర్దుకో. నేను బస్సు తీయాలి." నవ్వుకుంటూనే వెళ్లిపోయాడు.

యజమాని నవ్వలేదు. "ముప్పై ఏళ్ల పరువు. నీకు ఇవాళే ఆఖరు," అన్నాడు.

"వాడు తప్పు ఒప్పుకున్నాడు కదండీ," అన్నాడు ఇస్త్రీ బాబాయ్.

"నా తరఫున ఎవరూ మాట్లాడక్కర్లేదు బాబాయ్."

ఆమె కదల్లేదు. చొక్కా ఇంకా ఆమె చేతుల్లోనే ఉంది. నెమ్మదిగా వచ్చి దాన్ని అతని ముందు పెట్టింది.

"తలనొప్పా?" అంది.

"అవును."

"అది అన్నయ్యకు చెప్పారు. నాకేం చెప్తారు?"

"అందరికీ ఒకటే మాట."

"కోపంలో మీకు అబద్ధం చెప్పడం కూడా రాదు," అంది ఆమె. గొంతులో ఇప్పుడు ఆమెకూ కోపమే. "శనివారం పదింటికి నా బండి. చెప్పాలనిపిస్తే..."

అంతలో ముందు బల్ల దగ్గర యజమాని పిలిచాడు. వాళ్ల ఇంటి దుప్పటి ఒకటి నిన్న మిగిలిపోయిందట, తీసుకోవాలట. ఆమె "ఒక్క నిమిషం" అని అటు వెళ్లింది. దుప్పటి అందుకుని తిరిగి వచ్చేసరికి అతని పీట ఖాళీగా ఉంది.

చిటపట చొక్కా చంకన పెట్టుకుని అప్పటికే వెనక సందులో నడుస్తున్నాడు. అటూ ఇటూ ఆరేసిన తడి దుప్పట్లు మొహానికి తగులుతుంటే రెండు చేతులా తోసుకుంటూ, వీధి మలుపు తిరిగాడు.