మా యారాలిని తోసేసిన రోజు

పెళ్లయి తాండూరు వచ్చిన కొత్తలో, ఎనభైల మొదట్లో జరిగిందిది. అప్పటికే అన్నదమ్ములు ఇంటిని రెండు వాటాలు చేసుకున్నారు. కరెంటు బోర్డు మాత్రం ఒకటే, బావగారి వసారాలో ఉండేది. చెదలు పట్టిన చెక్క, పగిలిన పింగాణీ ఫ్యూజులు, గుడ్డ చుట్టిన పాత వైర్లు. మార్పిద్దామని మావారు ఎప్పుడు అడిగినా బావగారిది ఒకటే జవాబు. "మా నాయిన పెట్టించిండు. ముట్టుకుంటే మర్యాద దక్కది."

ఒక వానాకాలం మధ్యాహ్నం చిటపటలు వినబడి అటు పరుగెత్తాను. బోర్డు మండుతోంది. బావగారి భార్య, అంటే మా యారాలు, బకెట్టు నీళ్లు ఎత్తి దాని మీద పొయ్యబోతోంది.

"అక్కా, నీళ్లు పొయ్యకు, షాక్ కొడ్తది" అన్నాను.

"నువ్వు నాకు చెప్తవా? ఇల్లు కాలితే నీకు సంబురం."

ఇక ఆలోచించకుండా రెండు చేతులతో తోసేశాను. ఆమె బకెట్టుతో సహా వాకిట్లో పడింది. ఆ అరుపుకు బయటికొచ్చిన బావగారు మంటను వదిలి నా మీదికి చెయ్యెత్తారు. "నా ఇంట్లకొచ్చి నా పెండ్లాన్నే నూకుతవా?"

నేను ఆ చేతికి అందకుండా జరిగాను. పక్కన పోసి ఉన్న ఇసుకను దోసిళ్లతో మంట మీద చల్లుతూనే ఉన్నాను. గల్లీవాళ్లు లైన్‌మన్‌ని పిలుచుకొచ్చి స్తంభం దగ్గర కరెంటు తీయించాకే ఆపాను.

తర్వాత ఎవరి వాటాకు వాళ్లం కొత్త బోర్డులు పెట్టించుకున్నాం. మాటలు మాత్రం కలవలేదు. "కరెంటు పేరు చెప్పి నా నడుము ఇరగ్గొట్టింది" అని మా యారాలు ఇప్పటికీ అందరికీ చెబుతుంది. చెప్పనీ. నన్ను తిట్టడానికి ఆమె ఉంది, నాకది చాలు.