పొత్తిగుడ్డల నలుపు

డెబ్భైల్లో మాట. మా ఆయన ఉద్యోగం కోసం హిందీవాళ్ళ ఊళ్ళో ఉండేవాళ్ళం. మా పాప పుట్టి నెల తిరక్కుండానే పొత్తిగుడ్డల మీద నల్లమరకలు మొదలయ్యాయి. సబ్బు పెట్టి ఉతికితే ఇంకా నల్లబడేవి. నాకు కోపం ముందు, ఆలోచన తర్వాత. పాపను చంకనెత్తుకుని పండరీ బజారుకు వెళ్ళి, గుడ్డ అమ్మిన సేఠుతో వచ్చీరాని హిందీలో దెబ్బలాడాను. పాపం, పెద్దమనిషి. "గుస్సా మత్ కరో, బేటీ", కోప్పడకు తల్లీ అంటూ వేరే తానులోంచి రెండు మీటర్లు చింపి ఊరికే ఇచ్చాడు. వారంలో అవీ నల్లబడ్డాయి.

అప్పుడు భయం వేసింది. పక్కింట్లో కాకినాడ నుంచి వచ్చి ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ ఉండేది. గుడ్డలు చూసి, "ఇది గుడ్డ లోపం కాదమ్మా. పాపని రేపు ఆసుపత్రికి తీసుకురా" అంది. మా ఆయన భన్‌పురిలో తను పనిచేసే ఫ్యాక్టరీకి సెలవు పెట్టి నాతో వచ్చాడు.

డాక్టరు పాప మూత్రంలో నాలుగు చుక్కల సోడా మందు వేశాడు. మా కళ్ళముందే నల్లబడింది. పాలల్లో, పప్పుల్లో ఉన్న మాంసకృత్తులు అరిగే దారిలో ఒక చిన్న ఆమ్లం పుడుతుందట. అందరి ఒంట్లో అది విరిగిపోతుంది, మా పాప ఒంట్లో విరగక మూత్రంలో వచ్చేస్తోంది. గాలి, సబ్బు తగిలితే నలుపు. హోమోజెంటిసిక్ ఆమ్లమట, ఆ పేరు పలకడానికి నాకు నెల పట్టింది.

"ప్రాణానికి భయం లేదు. నడివయసులో నడుము, కీళ్ళు నొప్పి పెట్టొచ్చు, అంతే" అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తర్వాత డాక్టరు, "మీ ఆయన మీకు ముందే చుట్టమా?" అని అడిగాడు.

"మేనమామ" అన్నాను.

ఆ ఊళ్ళో అలాంటి పెళ్ళిళ్ళు చేసుకోరు. ఆయన కలం ఆగిపోయింది. ఒకే ఇంటివాళ్ళు పెళ్ళాడితే ఇలాంటి లోపాలు బయటపడడం ఎక్కువని నెమ్మదిగా చెప్పాడు.

రిక్షా ఎక్కి ఇంటికి బయలుదేరాం. పట్టుబట్టి నన్ను చేసుకుని, శ్రీకాకుళం నుంచి ఇక్కడికి తెచ్చుకున్నది మా ఆయనే.

"నన్ను సేసుకోకపోతే పిల్లకి ఈ బాధ నేకపోను" అన్నాడు.

నాకు మళ్ళీ కోపం వచ్చింది.

"నిన్ను సేసుకోకపోతే ఈ పిల్లే నేకపోను కదేటి, మావా" అన్నాను.

ఆయన పాపను నా ఒళ్ళోంచి తీసుకుని, ఇల్లు చేరేదాకా దించలేదు.