అన్ని ఫైళ్లూ శ్రీరామే

నా పీజీ ప్రాజెక్టు రిపోర్టు తాండూరులో ఒక డీటీపీ సెంటర్‌లో టైప్ చేయించాను. అందులో గైడ్ సార్ పేరే తప్పు పడింది. ఈ రోజు దిద్దించుకుని, మధ్యాహ్నం రైలుకు వికారాబాద్ వెళ్లి సంతకం పెట్టించుకోవాలి. రేపటి నుంచి సార్‌కు సెలవులు.

సెంటర్ నడిపే శంకరన్న కొత్త కంప్యూటర్ చూపించి మురిసిపోయాడు. "ఇగ ఫికర్ లేదు చెల్లె. పేరు కొడితే చాలు, దొరుకుతది."

నా పేరు కొట్టాం, ఏమీ రాలేదు. తేదీ పెట్టి చూశాం. పాత ఫైళ్లన్నీ నిన్ననే ఇందులో ఎక్కించాడట, అన్నిటికీ నిన్నటి తేదీయే. ఫోల్డర్ తెరిస్తే శ్రీరామ, శ్రీరామ 1, శ్రీరామ 2... ఎంత కిందికి జరిపినా అదే.

"ఇదేందన్నా?"

"మొదలు శ్రీరామ అని కొట్టకుండ పని షురూ చేస్తనా? మొదటి లైన్ల ఏముంటె గదే పేరుతోని ఫైలు సేవ్ అయితది. ప్రింట్ తీసేటప్పుడు గా లైను తీసేస్త."

"మరి వీటిల నాదేది అన్నా?"

"జర ఓపిక పట్టు. ఒక్కొక్కటి తెరుద్దాం."

తెరిచాం. ఎవరెవరివో పెళ్లిపత్రికలు, అద్దె కాగితాలు చదివాం. నాది దొరికేసరికి రైలు వెళ్లిపోయింది. ఇక సంతకం సార్ సెలవులయ్యాకే.

"సెర్చ్ మంచిగ లేదు చెల్లె, కంపెనోళ్లకు చెప్త" అన్నాడు శంకరన్న.

ఆయనకు నేనేం చెప్పాలో మీరే చెప్పండి.