చెల్లెను బతికించిన దేవుడు

మా బాన్సువాడ పక్క కాలువలో నిజాంసాగర్ నీళ్లు పారడం మొదలైన కొత్తలో నాకు తొమ్మిదేళ్లు, చెల్లెకు ఆరు. అమ్మను మేం అవ్వ అనేవాళ్లం. బట్టలు ఉతకడానికి పోయిన అవ్వ వెంట మేమూ పోయాం. చెల్లె కాలు జారి పడింది. దాన్ని పట్టుకోబోయి నేనూ పడ్డాను. నీళ్లు దాన్ని చాలా దూరం ఈడ్చుకుపోయాయి. కాలువ దిగువన ఎడ్లను కడుగుతున్న ఒక సాయబు దూకి, జుట్టు పట్టి బయటికి లాగాడు. కడుపు వొత్తి నీళ్లు కక్కించేదాకా దానికి ఊపిరి రాలేదు. నేను గట్టు రాళ్లు పట్టుకొని, మోచేతులు గీసుకుపోతుంటే పాకి పైకొచ్చాను. అప్పటికే అందరూ అటు ఉరికారు. తడిబట్టలతో నేనూ వాళ్ల వెనకే ఉరికాను.

ఆరోజు నుంచి ఇంట్లో ఒకటే మాట. "ఈ పిల్లతోని దేవునికి ఏదో పనుంది. ఉట్టిగనే బతికియ్యడు." అవ్వ దాన్ని గుడికి తీసుకుపోయింది, సాయబు చెప్పాడని దర్గాకూ తీసుకుపోయింది. కొత్త లంగా కుట్టించింది. చుట్టాలొస్తే దాన్నే ముందర నిలబెట్టేవారు. నా మోచేతులకు పసుపు నేనే పెట్టుకున్నాను.

ఒకరోజు నాయిన బీడీ ఆకు కత్తిరిస్తుంటే పక్కన కూర్చొని అడిగాను.

"నాయినా, దేవుడు ఈ లోకమంత ఎందుకు చేసిండు?"

"ఆయనకే ఎరుక."

"చెల్లెను ఏదో పనికి బతికిచ్చిండంటరు గద. మరి నన్నెందుకు బతికిచ్చిండు?"

"నువ్వు నీ అంతట నువ్వే ఎక్కొచ్చినవ్ గద బిడ్డా," అని నవ్వాడు.

మెచ్చుకోలుగానే అన్నాడు. నాకు మాత్రం కడుపు మండిపోయింది. భూమినీ ఆకాశాన్నీ చేసినవాడికి మా ఇంట్లో చెల్లె ఒక్కతే కనబడిందా? నేనూ చేతగాక మునిగిపోయి ఉంటే బాగుండేదనిపించింది.

పదేళ్లు దాటాయి. చెల్లెను వర్ని దగ్గర ఒక పల్లెలో ఇచ్చారు. నాట్ల కాలంలో చూసిరావడానికి పోయాను. అది పశువుల కొట్టంలో పెండ ఎత్తుతోంది. చిరిగిన కొంగు, ఇద్దరు పిల్లలు. నిజం చెప్పాలంటే నాకు సంతోషమే అయింది. ఉండబట్టలేక అనేశాను.

"ఏందే, దేవుడు నిన్ను బతికిచ్చింది గీ పెండ ఎత్తనీకేనా?"

అది గంప కింద పెట్టింది.

"నాకూ తెల్వదక్కా. పెద్దోడు పుట్టినప్పుడు గిదేనేమో అనుకున్న. మంచంల పడ్డ మా అత్తకు చేసినప్పుడు గూడ గట్లనే అనుకున్న. ఆ పని అయిపోతే ఇగ నన్ను తీస్కపోతడని భయం. ఏదన్న మంచి పని చేస్తే ఆ దినమంత గుండె దడదడ కొట్టుకుంటది. నీకేం, నువ్వు ఒడ్డు మీదుంటివి. నీకీ ఫికర్ లేదు."

"ఒడ్డు మీదనా? నిన్ను పట్టబోయి నేను గూడ పడ్డనే."

అది నా మొహంలోకి చూసింది. "నాకెవ్వరు చెప్పలే. నిన్నెవరు తీసిండ్రక్కా?"

"ఎవ్వరు తియ్యలే."

పెండ చేతులు నాకు అంటకుండా ఎడంగా పెట్టి, నా భుజం మీద తల ఆనించి ఏడ్చింది. నేను దాని వీపు నిమిరాను. నిమురుతూనే, సిగ్గు లేకుండా, లోపల కుళ్లుకున్నాను. కనీసం తీసుకుపోవడానికైనా దీనికోసం ఒకడు కాచుకొని ఉన్నాడు కదా అని.